కొనేముందు నోరు తెరిచి చూడండి

పెంపుడు జంతువులు కొని మోసపోయిన పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకని 9 వేలు పెట్టి ల్యాబ్రడార్ పిల్లను కొన్నాం. 45 రోజుల పిల్ల, టీకా వేయించాం అని కార్డు కూడా ఇచ్చారు. నాలుగో రోజు వాంతులు, ఆ మర్నాడు రక్తపు విరేచనాలు. ఏడో రోజున చనిపోయింది. అమ్మినతను "మీరు పాలు పట్టి చంపుకున్నారు" అంటున్నాడు. తప్పు మాదేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు పార్వో అనే వైరస్ వ్యాధివి. ఈ వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు కూడా. కాబట్టి ఇంటికొచ్చిన నాలుగో రోజునే వాంతులు మొదలయ్యాయంటే, పిల్ల మీ గుమ్మం తొక్కేనాటికే వైరస్‌ను మోసుకొచ్చి ఉండటానికే ఎక్కువ అవకాశం. పాలు పడితే మామూలు విరేచనాలు కావచ్చు. పార్వో మాత్రం పాల వల్ల రాదు. ఆ మాట మనసులోంచి తీసేయండి.

ఇలా ఎందుకు జరుగుతుందో చెబుతాం. నాలుగైదు ఊళ్ల నుంచి నెల కూడా నిండని పిల్లల్ని తల్లుల దగ్గర నుంచి లాక్కొచ్చి ఒకే బోనులో వేస్తారు. అందులో ఒకదానికి ఉంటే అందరికీ అంటుతుంది. చిన్న పిల్ల బొద్దుగా, ముద్దుగా కనిపిస్తుంది కాబట్టి త్వరగా అమ్ముడుపోతుంది. అందుకే 30 రోజుల పిల్లను 45 రోజులదని చెబుతారు. నిజానికి 45 రోజులు కూడా చట్టం ఒప్పుకోని వయసే. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు, 2018 నాటి పెట్ షాపుల నిబంధనలు రెండూ 8 వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లను అమ్మకూడదంటాయి. "45 రోజులు" అని నోటితో చెప్పినవాడు ఆ ఒక్క మాటతోనే తన తప్పు ఒప్పుకున్నట్టు. ఆ మాట వాట్సాప్‌లో ఉంటే దాచిపెట్టండి.

వయసు తెలుసుకోవడానికి పిల్ల నోరు తెరిచి చూడండి. ముందు పళ్లు 3–4 వారాలకు, కోరలు 3–5 వారాలకు వస్తాయి. వెనక దవడ పాలపళ్లు 4–6 వారాల మధ్య మొదలవుతాయి. 8 వారాలకు మొత్తం 28 పాలపళ్లు ఉండాలి. పెదవి పక్కకు లాగి చూసినప్పుడు వెనక దవడ చిగురు నున్నగా, ఖాళీగా ఉంటే అది ఆరు వారాల లోపు పిల్ల. చిన్న జాతుల్లో కాస్త ఆలస్యం కావచ్చు గానీ ల్యాబ్రడార్‌లో ఇంత తేడా రాదు.

తర్వాత కార్డు. నిజంగా టీకా వేసినప్పుడు సీసా మీది స్టిక్కరును ఒలిచి కార్డుపై అంటిస్తారు. దానిపై బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన డాక్టరు సంతకం, ముద్ర, పశువైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పెన్నుతో తేదీ మాత్రమే రాసి ఉంటే అది టీకా కార్డు కాదు, ఉత్త కాగితం. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేసేది. 45 రోజుల పిల్ల కార్డులో రేబిస్ కూడా "అయిపోయింది" అని ఉంటే ఆ కార్డంతా కల్పితమే అనుకోవచ్చు. టీకా నిజంగానే వేశారనుకున్నా, ఒక్క డోసుతో పిల్ల గట్టెక్కదు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అందుకే 6–8 వారాలకు మొదలుపెట్టి, 3–4 వారాలకొకసారి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. పైగా టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. సంచిలో పెట్టుకుని తిరిగి వేసిన మందు నీళ్లతో సమానం.

కొనేరోజు పిల్ల హుషారుగా ఉందా అన్నది గీటురాయి కాదు. విరేచనాలు ఆగడానికి, కాసేపు చలాకీగా ఉండటానికి ఇంజెక్షన్ ఇచ్చి చూపించేవాళ్లున్నారు. తోక ఎత్తి చూడండి. అక్కడి వెంట్రుకలు తడిగా, పసుపు మరకతో ఉంటే, లేదా అక్కడ మాత్రమే అప్పుడే కడిగినట్టుంటే కొనకండి. చిగుళ్లు గులాబి రంగులో ఉండాలి. ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మధ్య ఉంటే మామూలే. ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం కుండలా ఉంటే నులిపురుగులు. అన్నిటికంటే ముందు తల్లిని చూపించమనండి. "తల్లి ఊళ్లో ఉంది" అంటే పిల్ల పుట్టింది అక్కడ కాదని అర్థం.

ఇక మీరు చేయాల్సినవి. వైద్యం చేసిన డాక్టరు దగ్గర రోజువారీ చికిత్స వివరాలు, మలంతో చేసిన పార్వో కిట్ పరీక్ష ఫలితం రాతపూర్వకంగా తీసుకోండి. ఇలాంటిది మళ్లీ ఎవరికైనా జరిగితే శవాన్ని పాతిపెట్టకముందే ఐసులో పెట్టి పోస్టుమార్టంకు తీసుకెళ్లాలి. మీ వైపువాళ్లకు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గర. డబ్బు చెల్లించిన స్క్రీన్‌షాట్, సంభాషణలు, కార్డు ఫొటో జతచేసి, 15 రోజుల గడువుతో అమ్మినతనికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. వేసేముందు 1915కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. ఇల్లు ఫినాయిల్‌తో కడిగితే పార్వో వైరస్ చావదు. ఒక పాలు బ్లీచ్ ద్రావణానికి (5 శాతం సోడియం హైపోక్లోరైట్) 30 పాళ్ల నీళ్లు కలిపి, ముందుగా సబ్బుతో కడిగిన నేలపై పోసి 10 నిమిషాలు ఆరకుండా ఉంచండి. పెరటి మట్టిలో ఈ వైరస్ ఏడాది దాకా బతకగలదు. కాబట్టి మళ్లీ తెచ్చుకుంటే 16 వారాలు దాటి, టీకాలన్నీ పూర్తయిన కుక్కనే తెచ్చుకోండి.

ప్రశ్న: కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లున్న ల్యాబ్, అంటే ల్యాబ్రడార్ అని 25 వేలకు కొన్నాను. "డబుల్ బోన్" అన్నారు. జిరాక్సు ఇచ్చి, అసలు సర్టిఫికెట్ మూడు నెలల్లో వస్తుందన్నారు. ఇప్పుడు ఐదు నెలలు. చెవులు నిలబడుతున్నాయి, తోక వీపు మీదికి చుట్టుకుంటోంది. పేపర్లు రాలేదు. ఇది ల్యాబేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కాదు. పళ్లు మారే 4–6 నెలల వయసులో చెవులు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ, ల్యాబ్ చెవులు నిక్కబొడుచుకోవు. తోక మొదట్లో లావుగా, కొసకు సన్నబడుతూ వెనక్కి నేరుగా ఉంటుంది, వీపు మీద సున్నా చుట్టదు. మీది సంకరం. అది మంచి కుక్కే, బహుశా ల్యాబ్ కంటే గట్టి ఆరోగ్యంతో బతుకుతుంది. సంకరజాతి పిల్లను జాతికుక్క ధరకు అంటగట్టడమే ఇక్కడ జరిగిన మోసం. దాన్ని రోడ్డు మీద వదిలేయడం ఈ మోసానికి జవాబు కాదు.

"డబుల్ బోన్", "హెవీ బోన్" అనేవి బేరగాళ్ల మాటలు. ఏ జాతి ప్రమాణంలోనూ అలాంటి రకం లేదు. నెల వయసులో గోధుమరంగు పిల్లలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ మాటలు చెల్లుతున్నాయి.

పేపర్లు ఎలా నడుస్తాయో తెలిస్తే జిరాక్సుతో ఎవరూ మోసం చేయలేరు. జాతికుక్కల వంశాన్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా చెన్నైలో ఉంది. పెంపకందారు ఆ ఈతలోని పిల్లల్ని అక్కడ నమోదు చేయిస్తే, ఒక్కో పిల్లకు విడిగా సర్టిఫికెట్ వస్తుంది. దానిపై పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఆడో మగో, రంగు, తల్లిదండ్రుల పేర్లు, మైక్రోచిప్ నంబరు ఉంటాయి. తర్వాత యాజమాన్యాన్ని మీ పేరుకు మార్పించాలి. మీకిచ్చిన జిరాక్సు తల్లిదో, మరో ఈత పిల్లదో అయ్యుంటుంది. దానిపై పుట్టిన తేదీ, రంగు మీ కుక్కతో సరిపోతున్నాయో చూడండి. చాలాసార్లు అక్కడే దొరికిపోతారు.

గట్టి పరీక్ష చిప్‌దే. బియ్యపుగింజంత ఉండే చిప్‌ను భుజాల మధ్య చర్మం కింద ఎక్కిస్తారు. దానిలో 15 అంకెల సంఖ్య ఉంటుంది. పశువైద్యుడి దగ్గర రీడరుతో చదివించండి. చిప్ ఒక్కోసారి చర్మం కింద జారి భుజం పక్కకో, ముందుకాలి పైభాగానికో వెళ్తుంది. కాబట్టి మెడ దగ్గర కూత రాలేదని ఆపేయకుండా రెండు పక్కలా నెమ్మదిగా తిప్పమనండి. చిప్ లేకపోయినా, ఉన్న నంబరు కాగితంతో కలవకపోయినా ఆ కాగితానికి విలువ లేదు. ఇకముందు కొనేవాళ్లు బేరం ఎక్కడ కుదుర్చుకున్నా డబ్బు మాత్రం డాక్టరు క్లినిక్‌లో, చిప్ చదివాకే చేతికివ్వండి. నిజమైన పెంపకందారు దీనికి అభ్యంతరం చెప్పడు.

సర్టిఫికెట్ వంశాన్ని మాత్రమే చెబుతుంది, ఆరోగ్యాన్ని కాదు. ల్యాబ్‌లలో తుంటి కీలు సరిగా కుదరని జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడిగే హక్కు మీకుంది. మీ విషయంలో జాతి తేడాను డాక్టరుతో రాయించుకుని, చిప్ ఫలితం జతచేసి, పై జవాబులో చెప్పిన నోటీసు దారే పట్టండి.

ప్రశ్న: టీకప్ పొమరేనియన్ అని చెప్పి ఇచ్చిన పిల్ల ఏడాదికి 7 కిలోలైంది. తిండి ఎక్కువ పెట్టామా?
– తణుకు

జవాబు: తిండి తప్పు కాదు. అది ఇండియన్ స్పిట్జ్. మన ఊళ్లలో దశాబ్దాలుగా పొమరేనియన్ పేరుతో పెరుగుతున్నవి చాలావరకు అవే. అసలు పొమరేనియన్ పెద్దయినా సుమారు 2 నుంచి 3 కిలోలే ఉంటుంది. "టీకప్" అనే జాతి ఏ క్లబ్బు పట్టికలోనూ లేదు. ఆ పేరుతో అమ్మేవి వయసు చాలనివో, కడుపు మాడ్చినవో, ఈతలో బలహీనంగా పుట్టినవో అయ్యుంటాయి. నిజంగానే బుల్లిగా ఉన్న పిల్లకు నాలుగైదు గంటలు తిండి లేకపోతే రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, ఫిట్స్ వస్తాయి. అప్పుడు చిగుళ్లకు తేనె రాసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ప్రశ్న: "పంచ్ ఫేస్" పర్షియన్ పిల్లికూన 15 వేలకు కొన్నాం. రెండు వారాలకు చెవుల దగ్గర బొచ్చు గుండ్రంగా ఊడింది. ఇప్పుడు మా అమ్మకు చేతుల మీద, బాబుకు మెడ మీద ఎర్రటి చక్రాలు. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గి మళ్లీ పెరుగుతోంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ క్రీము ఆపండి. తామరకని షాపుల్లో ఇచ్చే మిశ్రమ క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. దురద రెండు రోజులు తగ్గుతుంది, శిలీంధ్రం మాత్రం లోపల విస్తరిస్తుంది. చర్మవైద్యుడికి చూపించి, ఇంట్లో పిల్లి ఉందని తప్పక చెప్పండి.

పిల్లికి వచ్చింది తామరే. ఇరుకు బోనుల్లో పెంచే పొడవు బొచ్చు పిల్లుల్లో ఇది విపరీతం. అమ్మేవాళ్లకు తెలుసు. ఊడినచోట పౌడరు అద్ది, దువ్వి చూపిస్తారు. పశువైద్యుడు వుడ్స్ ల్యాంప్ అనే నీలిదీపంతో చూస్తే వెంట్రుకల మొదళ్లు పచ్చటి యాపిల్ రంగులో మెరుస్తాయి. మెరవకపోయినా లేదని కాదు, ఆ వెంట్రుకల్ని కల్చర్‌కు (శిలీంధ్రాన్ని పెంచి చూసే పరీక్షకు) పంపాలి. దానికి రెండు మూడు వారాలు పడుతుంది. నోటి మందు డాక్టరు రాసిన మోతాదులోనే, ఊడిన బొచ్చు వచ్చేసిందని మధ్యలో మానకుండా వాడాలి. ఈలోగా పిల్లిని కడగడానికి వీలైన ఒక్క గదిలో ఉంచండి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి, నేల మీది బొచ్చును చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తీయండి. రాలిన బొచ్చులో ఈ శిలీంధ్రపు బీజాలు ఏడాది పైగా నిలుస్తాయి.

ఇక "పంచ్ ఫేస్", "సెమీ పంచ్", "డాల్ ఫేస్" అనే ధరల మెట్ల గురించి. ముక్కు ఎంత లోపలికి ఉంటే ధర అంత ఎక్కువ, పిల్లికి కష్టమూ అంతే. నాసిరంధ్రాలు చీలికల్లా సన్నగా ఉండి, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, కంటినీరు బుగ్గల మీద గోధుమరంగు చారలు కట్టి ఉంటే ఆ పిల్లికి జీవితాంతం వైద్యమే. డాల్ ఫేస్ పేరుతో వచ్చేవాటిలో చాలావరకు నాటుపిల్లితో కలిసిన పొడవు బొచ్చు సంకరాలు. అవి ఎంతో హాయిగా బతుకుతాయి, కాకపోతే పర్షియన్ ధర ఇవ్వక్కర్లేదు. తెల్లబొచ్చు, నీలికళ్ల పిల్లి కొనేవాళ్లు అది చూడకుండా వెనక నుంచి శబ్దం చేసి చూడండి. ఆ రంగు జతలో చెవుడు తరచుగా ఉంటుంది.

ప్రశ్న: మాట్లాడే పహాడీ చిలుక అని 3 వేలకు పిల్లను కొన్నాను. ఫారంలో పుట్టింది, కేసు ఉండదన్నారు. మగదట, బాగా మాట్లాడుతుందట. పక్కింటాయన జైలుకు పోతావంటున్నారు.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పక్కింటాయన చెప్పింది నిజం. మన రామచిలుక గానీ, దానికంటే పెద్దదైన పహాడీ చిలుక గానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షులు. 2022 సవరణతో అవి రెండో షెడ్యూల్లో ఉన్నాయి. ఫారంలో పుట్టిందన్న మాట చట్టం ముందు నిలవదు, పైగా అది అబద్ధం కూడా. చలికాలం చివర్లో చెట్టు తొర్రల్లోంచి ఈకలు రాని పిల్లల్ని తీసి సంచుల్లో తెస్తారు. దారిలోనే ఎన్నో చనిపోతాయి.

మీకిచ్చింది పహాడీ కూడా కాకపోవచ్చు. పహాడీ చిలుకకు రెక్క మొదట్లో, భుజం దగ్గర ఎర్రటి మచ్చ ఉంటుంది. చిన్నప్పుడు కాస్త వెలిసినట్టున్నా కనిపిస్తుంది. అది లేకపోతే మామూలు రామచిలుకే. "మగది" అన్నదీ ఊహే. మగచిలుక మెడ చుట్టూ వచ్చే గులాబి, నలుపు పట్టీ రెండు మూడేళ్లకు గానీ తేలదు. మాటలు నేర్చుకోవడం ఒక్కో పక్షిని బట్టి ఉంటుంది, హామీ ఇవ్వగలవాడు ఎవడూ లేడు. జినువాయిల్లాంటి చిన్న పిట్టలకు పచ్చరంగు పూసి అమ్మడం కూడా సంతల్లో ఉంది. తడి దూదితో ఈకను రుద్దితే రంగు అంటుతుంది.

మీరే గాల్లోకి వదలకండి. చేతిలో పెరిగిన పిల్లకు తిండి వెతుక్కోవడం రాదు, కాకులు పొడిచి చంపుతాయి. దగ్గర్లోని అటవీ రేంజి కార్యాలయానికి మీరుగా వెళ్లి అప్పగించండి, తీసుకున్నట్టు రసీదు అడగండి. ఎవరో ఫిర్యాదు చేశాక దొరకడం వేరు, మీరే తీసుకెళ్లి ఇవ్వడం వేరు.

పక్షి కావాలనిపిస్తే మనం లవ్‌బర్డ్స్ అని పిలిచే బడ్జీలు, కాకటీల్‌లు పెంచుకోవచ్చు, అవి మన అడవుల పక్షులు కావు. బడ్జీ నుదుటి మీది చారలు ముక్కుపై కండ వరకు దిగి ఉంటే అది మూడు నాలుగు నెలల లోపుది. పెద్ద మగదానికి ఆ కండ నీలంగా, ఆడదానికి గోధుమరంగులో ఉంటుంది. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి ఖరీదైనవి కొంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదైన పత్రం ముందు చూడండి. 2024 నిబంధనల ప్రకారం పక్షి చేతులు మారినప్పుడు అదీ నమోదు కావాలి. అమ్మేవాడి పేరున నమోదు లేని పక్షిని లక్షలు పోసి కొంటే చిక్కు మీ మెడకు చుట్టుకుంటుంది.

ప్రశ్న: రెండు తలల పాము ఇంట్లో ఉంటే కలిసొస్తుందని, తర్వాత కోట్లకు కొనేవాళ్లున్నారని 5 లక్షలు అడ్వాన్సు అడుగుతున్నారు.
– కర్నూలు

జవాబు: ఇవ్వకండి. దానికి రెండు తలలు లేవు. అది పొలాల్లో ఎలుకల్ని తిని బతికే విషం లేని పాము. తోక మొద్దుగా తలలా ఉండటం శత్రువును తికమకపెట్టడానికి. కోట్లకు కొనేవాడు ఎక్కడా లేడు. కొనేవాడిగా మీకు ఫోన్లో పరిచయం చేసేవాడు అదే ముఠా మనిషి. పాము మీ ఇంట్లో ఉండగా "పోలీసులం" అంటూ మరో ఇద్దరు వచ్చి ఇంకో లక్ష గుంజడం కూడా ఈ పథకంలో భాగమే. ఇదీ రక్షిత జీవే, నక్షత్ర తాబేలూ అంతే. వాస్తు పేరుతో ఎవరిచ్చినా తీసుకోవద్దు.

ప్రశ్న: ఫేస్‌బుక్‌లో గోల్డెన్ రిట్రీవర్ 6 వేలు అని చూసి 2 వేలు పంపాను. తర్వాత బోను ఖర్చని, ఇన్సూరెన్స్ అని, "తిరిగి ఇస్తాం" అంటూ మొత్తం 21 వేలు లాగారు. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో ఆగిపోయింది, ఇంకో 8 వేలు కట్టకపోతే మీ మీద జంతుహింస కేసు అంటున్నారు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఇంకో రూపాయి పంపకండి. అక్కడ కుక్క లేదు, మీ మీద కేసూ రాదు.

ఇప్పుడే 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితే సొమ్ము వెళ్లిన ఖాతాలో ఇంకా మిగిలినదాన్ని ఆపించే వీలుంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ అది నాలుగైదు ఖాతాలు దాటి నగదుగా మారిపోతుంది. ఫోన్ చేసేటప్పుడు ప్రతి చెల్లింపుకూ ఉండే 12 అంకెల లావాదేవీ సంఖ్య, తేదీ, మొత్తం, ఎదుటివాడి యూపీఐ ఐడీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, అదే వివరాలతో మీ బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. సంభాషణను చెరిపేయకండి, అతణ్ని బ్లాక్ చేసేముందు అంతా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. కొద్దిరోజులకు "మీ డబ్బు రాబట్టిస్తాం, ఫీజు కట్టండి" అంటూ ఇంకెవరో ఫోన్ చేస్తారు. మీ నంబరు అమ్ముకున్నది మొదటివాడే.

మిగతా పాఠకుల కోసం ఈ మోసం నడక చెబుతాం. ధర బయట ఉన్నదాంట్లో మూడో వంతు ఉంటుంది. అమ్మేవాడు ఎప్పుడూ వేరే రాష్ట్రంలో ఉంటాడు. "ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, ప్రేమగా పెంచేవాళ్లకే ఇస్తాను" అంటూ గుర్తింపు కార్డు ఫొటో పంపుతాడు. మొదట అడిగేది చిన్న మొత్తం. అది ఇచ్చాక, ఇచ్చింది పోతుందన్న భయమే తర్వాతివన్నీ కట్టిస్తుంది. "తిరిగి ఇచ్చే ఇన్సూరెన్స్" అనే మాట ఎక్కడ వినిపించినా అక్కడే ఆగండి. డబ్బు వాపసు ఇస్తానని క్యూఆర్ కోడ్ పంపితే స్కాన్ చేయకండి. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

పరీక్షలు తేలికే. ప్రకటనలోని ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతకండి, అదే పిల్ల వేరే దేశపు వెబ్‌సైట్లో కనిపిస్తుంది. వీడియో కాల్ చేయమని, మీ పేరు, ఆనాటి తేదీ రాసిన కాగితం పిల్ల పక్కన పెట్టమని అడగండి. రికార్డు చేసిన వీడియో పంపితే లెక్కలోకి తీసుకోకండి. విమానంలో పంపామంటే ఎయిర్‌వే బిల్లు (విమాన సరుకు రసీదు) నంబరు అడగండి. అది 11 అంకెలుంటుంది, మొదటి మూడు విమానసంస్థ గుర్తు (ఎయిర్ ఇండియాకు 098). దాన్ని ఆ సంస్థ కార్గో పేజీలోనే మీరు టైపు చేసి చూడాలి, వాళ్లు పంపిన లింకులో కాదు. రైల్లో అయితే పార్శిల్ ఆఫీసు రసీదు ఉంటుంది.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. ఫ్రెంచ్ బుల్‌డాగ్ పిల్లకు 800 డాలర్లు జెల్‌లో (ఫోన్‌తో బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే సేవ) పంపాం. ఇప్పుడు ఏసీ బోనుకు 1,200 డాలర్లు, వాపసు వస్తుందంటున్నారు.

జవాబు: పైదానికి ఇది అమెరికా రూపం. వ్యాపారులపై ఫిర్యాదులు చూసే అక్కడి సంస్థ బెటర్ బిజినెస్ బ్యూరో 2017లో ఈ కుక్కపిల్లల మోసాలపై చేసిన పరిశీలనలో చాలావాటి మూలం కామెరూన్‌లో ఉన్నట్టు తేలింది. అందంగా కట్టిన వెబ్‌సైటు, దానికి తోడు ఒక కొరియర్ వెబ్‌సైటు, రెండూ ఒకే చేతివి. వాపసు వచ్చే అద్దె బోను అనేది లేదు. జెల్‌లో పంపింది నగదు ఇచ్చినట్టే, వెనక్కి రావడం కష్టం. అయినా బ్యాంకు మోసాల విభాగానికి ఈరోజే చెప్పండి, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, ఎఫ్‌బీఐ వారి ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం ఐసీ3కి ఫిర్యాదు చేయండి. ఇకముందు క్రెడిట్ కార్డు తీసుకోని అమ్మకందారుకు ఏదీ చెల్లించవద్దు. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో జబ్బు పిల్లను అమ్మితే కొన్నవాళ్లకు ఊరటనిచ్చే ప్రత్యేక చట్టాలున్నాయి. అక్కడుండే మన బంధుమిత్రులకు చెప్పండి.

ప్రశ్న: తెల్లటి రాజపాళయం కుక్కపిల్లను కొన్నాం. మూడు నెలలైనా పిలిస్తే రాదు. "ఈ జాతి మొండిది" అన్నారు. నిజమేనా?
– చిత్తూరు

జవాబు: మొండితనం కాదేమో, చెవుడేమో చూడండి. రాజపాళయంలో మెచ్చుకునే పాలతెలుపు, గులాబి ముక్కు రెండూ ఒంట్లో రంగు కణాలు లేకపోవడం వల్ల వచ్చేవే. ఆ కణాలు లోపలి చెవిలోనూ లేకపోతే, పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి పోతుంది. నిద్రపోతున్నప్పుడు వెనక నుంచి, నేల అదరకుండా, గాలి తగలకుండా తాళాల గుత్తి ఆడించండి. చెవి కొస కూడా కదలకపోతే రెండు చెవులూ వినబడనట్టే. ఒక్క చెవి లోపం ఇంట్లో తెలియదు, దానికి బేర్ అనే పరీక్ష పశువైద్య కళాశాలల్లో అడగాలి.

చెవిటి పిల్ల చేతి సైగలతో చక్కగా నేర్చుకుంటుంది. రమ్మనడానికి ఒకటి, కూర్చోమనడానికి ఒకటి, ఎప్పుడూ అవే సైగలు ఇంట్లో అందరూ వాడాలి. నిద్రలో ఉన్నప్పుడు హఠాత్తుగా తాకకండి, ఉలిక్కిపడి కరుస్తుంది. ముందు మంచం దగ్గర నేలను తట్టండి. గొలుసు లేకుండా వీధిలోకి వదలకండి, పిల్లలు పుట్టించకండి. దేశీ వేటకుక్కలు కావాలనుకునేవాళ్లు దళారుల దగ్గరికి వెళ్లేముందు ప్రభుత్వ కేంద్రాల్లో అడగండి. ముధోళ్ కుక్కలకైతే కర్ణాటక బాగల్‌కోట్ జిల్లా తిమ్మాపూర్‌లో, బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయం నడిపే పరిశోధన కేంద్రం ఉంది. పిల్లలు ఉన్నాయో లేవో, ఎప్పుడు ఇస్తారో ముందుగా కనుక్కుని బయల్దేరండి.